పసి అడుగు మీద నిలిచిన అమ్మ తోరణం

వార్నెబుర్గ్ జర్మనీ దేశానికి ఉత్తరాన, వార్నె నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న పాత పట్టణం. ఈ చుట్టుపక్కల కొండలు లేవు, కనుక రాయి లేదు. ఉన్నదల్లా బంకమన్నే. అందుచేత ఇక్కడి పూర్వీకులు చర్చిలూ కోటగోడలూ ధాన్యపు కొట్లూ అన్నీ ఎర్ర ఇటుకతోనే కట్టుకున్నారు. సాయంత్రపు ఎండలో ఊరంతా పసుపూ కుంకుమా కలిపి అద్దినట్టు కనిపిస్తుంది. మంచు దిగిన రోజున అదే ఊరు ఉందో లేదో తెలియదు. ఒక గోపురం మొన తేలుతుంది, కాసేపటికి అదీ పోతుంది.

రైలు దిగి నేరుగా నడిస్తే ముందు అంగడి వీధి వస్తుంది. అక్కడ నగర సభామందిరం చూడదగినది. దాని ముందు గోడ ఇంటి కప్పు కంటే చాలా ఎత్తుకు లేచి ఉంటుంది. ఆ పై భాగంలో గుండ్రటి కిటికీలు వరసగా ఉంటాయి గాని వాటి వెనుక గదులు లేవు, ఆకాశమే ఉంది. సముద్రపు గాలి గోడను పడదోయకుండా దారి ఇచ్చారని చెబుతారు. మబ్బులు ఒక కిటికీలో నుంచి ఇంకో కిటికీలోకి నడిచిపోతూ ఉంటే చూస్తూ నిలబడిపోతాము.

తర్వాత నావికుల చర్చి. పూర్వం సముద్రం నుంచి బతికి వచ్చినవారు మొక్కు తీర్చుకోవడానికి చిన్న చిన్న కొయ్య ఓడలు చేయించి కప్పు నుంచి వేలాడదీశారు. లోపల తల ఎత్తి చూస్తే ఓడల అడుగులు కనిపిస్తాయి. మనం నీటి లోపల ఉన్నాము, పైన ఎవరో ప్రయాణం పోతున్నారు అనిపిస్తుంది. నది ఒడ్డున ఉప్పుకొట్లు ఉన్నాయి. నేల మెత్తన కావడం వల్ల అవి పక్కకు ఒరిగి, తిరునాళ్ళలో అలిసిపోయిన చుట్టాల్లాగా ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడ్డాయి. ఇవన్నీ చూసుకుని దక్షిణం వైపు వస్తే ఊరి చివర అమ్మ తోరణం దర్శనమవుతుంది.

ఇది పట్టణపు పాత కోటద్వారం. రెండు వైపులా లావుపాటి బురుజులు, వాటి మీద గరాటు బోర్లించినట్టున్న కప్పులు, మధ్యన ఎత్తయిన కమాను. ఎడమ బురుజు మొదట్లో, నేలకు ఆనుకుని ఉన్న వరసలో, ఒక ఇటుక మీద పసిబిడ్డ పాదం ముద్ర ఉంది. ఐదు వేళ్ళూ తెలుస్తాయి. చేతులు తాకి తాకి ఆ ఇటుక నున్నగా అయి, తక్కినవాటి కంటే నల్లబడింది.

తోరణం అన్న పేరు ఇక్కడికి వచ్చిన మన తెలుగువాళ్ళు పెట్టుకున్నది. ద్వారం మీది పలక మీద ఈ దేశపు అక్షరాలలో 'అమ్మెన్‌తోర్' అని ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట పెద్దాపురం నుంచి కూతురి పురిటికి వచ్చిన వీరరాఘవమ్మగారిని అల్లుడు ఊరు చూపించడానికి తీసుకువచ్చాడట. అతను పలక చదివి వినిపించగానే ఆవిడ ఆగిపోయి చేతులు జోడించారు.

"ఇదేంటండీ అల్లుడుగారూ, వీళ్ళు కూడా అమ్మకు తోరణం కట్టారా!"

"తోరణం కాదండీ అత్తయ్యగారూ. తోర్ అంటే ద్వారం. అమ్మె అంటే అమ్మ కూడా కాదు, డబ్బు తీసుకుని పరాయి బిడ్డకు పాలిచ్చే దాది."

"పాలు పట్టిన మనిషి అమ్మ కాకపోతే మరెవరవుతారండీ?" అన్నారట ఆవిడ.

ఆ రోజు నుంచి మనవాళ్ళందరికీ ఇది అమ్మ తోరణమే. ద్వారం పక్కన రొట్టెల కొట్టు నడిపే ఇర్మ్‌గార్డ్ అమ్మమ్మగారికి ఈ సంగతి చెబితే ఆమె నవ్వి, "మీరు పొరపాటున సరిగ్గానే చదివారు" అని, ఈ ద్వారం కథ చెప్పారు. వారి అమ్మమ్మ వారికి చెప్పిన కథ అది.

పూర్వం ఇక్కడ కోటగోడ ఉండేది గాని ఈ వైపు ద్వారం ఉండేది కాదు. దక్షిణాన అంతా ఊబి నేల, రెల్లు గడ్డి. ద్వారం లేనందువల్ల పల్లెలవారు ధాన్యం బళ్ళతో ఊరంతా చుట్టి రావలసి వచ్చేది. శత్రువులు వస్తే లోపలికి పరుగెత్తడానికి దారి లేక బయటే చిక్కిపోయేవారు. అందుకని నగరపెద్ద ఓర్టోల్ఫ్ ఇక్కడ ద్వారం కట్టాలని తీర్మానించి, హార్ట్‌విగ్ అనే పెద్దమేస్త్రిని పిలిపించాడు.

హార్ట్‌విగ్ మేస్త్రి కట్టిన గోడ ఎక్కడా బీట ఇచ్చింది లేదు. అటువంటివాడికి ఇక్కడ చేయి ఆడలేదు. కట్టినంత కట్టడం, కొన్నాళ్ళకు ఎడమ బురుజు నిద్ర వచ్చిన మనిషిలాగా మెల్లిగా ముందుకు వాలడం, ఒక రోజు చప్పుడు కూడా లేకుండా ఊబిలో కూర్చుండిపోవడం. దుంగలు నేలలోకి దిగ్గొట్టారు, రాళ్ళు ఓడల మీద తెప్పించి పోశారు. నేల అన్నిటినీ మింగి మళ్ళీ నున్నగా అయ్యేది.

ఒకనాడు మధ్యాహ్నం మేస్త్రి ఇటుకబట్టీ నీడలో కునుకు తీస్తూ ఉండగా కల వచ్చింది. కలలో ద్వారం పూర్తయి ఉంది. ఎంతో అందంగా ఉంది గాని నేలకు ఆనలేదు, మంచు మీద తేలుతోంది. అది మనిషిలాగా మాట్లాడింది.

"నా అడుగున పసి అడుగు ఉంచు. నిలబడతాను."

వాళ్ళ భాషలో కూడా గోడ మొదలును గోడ పాదమనే అంటారట. కాబట్టి ఆ మాట మనకు వినిపించినట్టే మేస్త్రికీ వినిపించింది. లేచాక నవ్వుకుంటూ పక్కన రొట్టె తింటున్న కూలీలకు చెప్పాడు. వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి చెప్పారు. చేపల సంతలో ఒకరు, నూతి దగ్గర ఒకరు చెప్పుకున్నారు. మేస్త్రి నోట్లో పసి అడుగుగా ఉన్న మాట సభామందిరం మెట్లు ఎక్కేసరికి పసిబిడ్డ అయింది. గోడ అడుగున బిడ్డను పెట్టమని ద్వారం అడిగిందట అన్నారు.

నగరపెద్ద మేస్త్రిని పిలిపించి, "కల వచ్చిన మాట నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే గాని..."

"పసి అన్న మాట వినబడిందా లేదా?"

"వినబడింది."

ఆ తర్వాత మేస్త్రి ఏం చెప్పబోయినా ఎవరూ వినలేదు. అంతకంటే ఘోరమేమంటే, కొన్నాళ్ళకు అతనికే అనుమానం మొదలైంది. అందరూ అదే అంటున్నారు, తాను విన్నది కూడా అదేనేమో! కల చేతిలో పట్టుకునే వస్తువు కాదు కదా. తలుచుకున్నకొద్దీ జారిపోయింది.

మరి బిడ్డ ఎవరి బిడ్డ? తమ బిడ్డను ఇస్తామని ఎవరు అంటారు? అందరి చూపూ సత్రం వైపు తిరిగింది.

ఊరి సత్రంలో గేసా అనే ఆడపిల్ల ఉండేది. ఎవరో పొత్తిళ్ళలో పెట్టి సత్రం వాకిట్లో వదిలిపోయిన పిల్ల. దానికి పాలిచ్చి పెంచడానికి సత్రంవారు ఊటా అనే దాదిని పెట్టారు. ఈ పేరు వింటే మనకు నీటి ఊట గుర్తుకు వస్తుంది. ఆమెకు పేరు తగినట్టే ఉంది. తన బిడ్డ పుట్టి పోయాక కూడా ఆమెకు పాలు ఆగలేదు. ఆ పాలు తాగి గేసా బతికింది. అయితే ఆ పిల్లకు రెండో ఏడు నిండవస్తున్నా నడక రాలేదు. ఊటా దించితే గదా! వంట చేస్తున్నా, నీళ్ళు తోడుతున్నా పిల్ల చంకలోనే. నేల మీద పెట్టబోతే అది ఏడ్చేది, ఏడిస్తే ఆమె ఎత్తుకునేది.

నూతి దగ్గర ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. "ఊటా, ఆ పిల్లకు కాళ్ళెందుకే? నీ నడుము ఉందిగా!"

"ఉన్నన్నాళ్ళు ఉంటుందిలే. మీకెందుకు నొప్పి?" అనేది ఊటా.

ఆ వేళాకోళమే పిల్ల మీదికి వచ్చింది. ఎవరూ లేని పిల్ల, పైగా నడవని పిల్ల, ఊరంతటి కోసం ఇది పోతే తప్పేమిటి అన్నారు సభలో. మర్నాడు పొద్దున్న చర్చి గంట మోగగానే బిడ్డను తీసుకురావాలని నిర్ణయించారు.

పొద్దున్నే భటుడు వచ్చాడు. ఊటా గుమ్మంలో నిలబడి, "ఆకలితో పంపలేను బాబూ. పాలు పట్టి ఇస్తాను, అవతల ఉండు" అన్నది. అతను తల వంచుకుని వీధిలోకి వెళ్ళాడు. అతని ఇంట్లోనూ చంటిపిల్ల ఉంది. ఊటా బిడ్డను శాలువాలో కట్టుకుని పెరటి దారిన బయటపడింది. ద్వారం కడుతున్న చోట కోటగోడలో సందు ఉంది కదా, అందులోంచి ఊబిలోకి వెళ్ళిపోయింది.

ఆ వేళ మంచు ఎలా ఉందంటే ఆమెకు తన పాదాలు తనకే కనబడలేదట. రెల్లు దాటితే పల్లెలు, పల్లెలు దాటితే అడవి, అక్కడికి ఎవరూ రారు అనుకున్నది. నడిచింది. రెల్లు చెవుల దగ్గర ఏదో చెబుతున్నట్టు గుసగుసలాడింది. నీటికోడి ఒకటి కుడివైపు అరిచి, మళ్ళీ ఎడమవైపు అరిచింది. నేల ఒకచోట లోపలికి లాగింది, ఒకచోట వదిలింది. చాలా దూరం వచ్చేశాను అనుకున్నది ఆమె. కాని మంచు ఆమెను చేయి పట్టుకుని గుండ్రంగా తిప్పుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

కాళ్ళ కింద గట్టి నేల తగిలేసరికి పల్లె వచ్చిందని సంతోషించింది. బిడ్డ బరువుకు నడుము విరిగిపోతోంది. అంతవరకు ఒక్కనాడూ దింపని మనిషి, ఇక ఒక్క అడుగు వేయలేక, "తల్లీ, ఒక్క క్షణం" అని గేసాను నేల మీద నిలబెట్టింది. తన వేలు పట్టుకుని ఏడుస్తుందనే అనుకున్నది.

గేసా ఏడవలేదు. కాళ్ళ కింద చల్లగా, మెత్తగా ఏదో ఉంది. కిందికి చూసింది. వేళ్ళు ముడిచింది, చాపింది. నవ్వు వచ్చింది దానికి. ఊటా వేలు వదిలేసి ఒక్క అడుగు వేసింది.

అప్పుడు చర్చి గంట మోగింది. పక్కనే మోగినట్టు మోగింది. మంచు తెరలా పక్కకు జరిగితే ఎదురుగా కోటగోడ, బట్టీ పొగ, ఇటుకలు ఆరవేసే మైదానం. ఊటా పట్టణం వదిలిపోలేదు. తిరిగి తిరిగి బిడ్డను తెచ్చి సరిగ్గా అక్కడే దింపింది. పిల్ల నిలబడింది నిన్న అచ్చు పోసిన పచ్చి ఇటుకల మీద.

గంట కోసం కూర్చుని, అది మోగకూడదని కోరుకుంటున్న హార్ట్‌విగ్ మేస్త్రి అక్కడే ఉన్నాడు. వాళ్ళను చూశాడు. ఊటా బిడ్డను మళ్ళీ చంకకు ఎత్తుకుని, "మేస్త్రిగారూ, మీకు దణ్ణం పెడతాను. చూడలేదనుకోండి. మంచులో ఎవరు కనబడతారు?" అని వేడుకున్నది.

మేస్త్రి ఆమెను చూడడం లేదు, ఇటుకను చూస్తున్నాడు. పచ్చి ఇటుక నడుమ పాదం, ఐదు వేళ్ళు, మడమ దగ్గర కొంచెం లోతు. అతనికి జారిపోయిన కల మొత్తం తిరిగి వచ్చింది. తేలుతున్న ద్వారం, దాని గొంతు, దాని మాట.

అప్పటికి నగరపెద్దా భటులూ ఊరి జనమూ వచ్చేశారు. ఓర్టోల్ఫ్ చేయి చాచి, "బిడ్డను ఇవ్వు" అన్నాడు. ఊటా ఇవ్వలేదు. భటులు ఆమె చేతులు విడదీయబోయారు. మేస్త్రి మధ్యకు వచ్చాడు.

"ఆగండి. ద్వారం నన్ను అడుగు అడిగింది. బిడ్డను అడగలేదు."

"నిన్నటిదాకా నోరు విప్పలేదేం?"

"మీరందరూ చెప్పగా చెప్పగా నా కల నేనే మరిచిపోయాను దొరా. ఇదుగో, పసి అడుగు. ఇటుక మీద ఉంది. దీన్ని పెడతాను."

"మట్టి మీద ముద్రకు బురుజు నిలుస్తుందా? ఊరును పిల్లలాట చేస్తున్నావా?"

"నిలవకపోతే లోపల బిడ్డను పెట్టవద్దు. కల కన్నవాణ్ణి పెట్టండి."

ఆ మాటకు జనం వెనక్కి తగ్గారు. వెనక నుంచి ఎవరో ముసలావిడ, "నడవని పిల్లన్నారు, మరి అడుగు ఎలా పడిందమ్మా?" అన్నది. అప్పుడు గాని ఊటాకు తెలియలేదు, బిడ్డ నడిచిందని. భయంలో చూసుకోనే లేదు. ఇంతసేపూ ఏడవని మనిషి అక్కడ కూర్చుని ఏడ్చింది.

అయితే పచ్చి ఇటుకను కాల్చాలి కదా. బట్టీలో ఎన్నో ఇటుకలు పగిలిపోతాయి. అది పగిలితే కథ మొదటికి వస్తుంది. మంట మండినన్నాళ్ళూ, బట్టీ చల్లారినన్నాళ్ళూ ఊటా బిడ్డతో అక్కడే కూర్చుంది. వేళాకోళం ఆడిన ఆడవాళ్ళే ఆమెకు గంజి తెచ్చి ఇచ్చారు. బట్టీ తీసినప్పుడు చుట్టూ ఉన్నవి నెర్రెలు ఇచ్చాయి గాని ఆ ఒక్క ఇటుక కంచులాగా మోగింది. అయితే మంటకు ఇటుక బిగుసుకుంటుంది కదా, పాదం కూడా చిన్నదయింది. గేసా కాలు పెట్టి చూస్తే అప్పటికే పట్టలేదు. బిడ్డలు పెరుగుతారు, ముద్ర పెరగదు.

మేస్త్రి ఆ ఇటుకను ఎడమ బురుజు అడుగున పెట్టి పైన కట్టుకుంటూ వచ్చాడు. అందరూ చూస్తూ ఉన్నారు. చలికాలం వచ్చింది, నేల గడ్డకట్టింది. మంచు కరిగింది, ఊబి పొంగింది. బురుజు వాలలేదు. మునుపు పడిపోయిన గోడలన్నీ కలిసి లోపల గట్టి పునాది అయ్యాయని కొందరు అంటారు. కావచ్చు. ఆ గోడలూ ఈ ఇటుకా రెండూ ఒకచోటే ఉన్నాయి కదా.

నగరపెద్ద తన పేరు చెక్కించి దీనికి పెద్ద పేరేదో పెట్టాడు. ఆ పలక వర్షాలకు అరిగిపోయింది. జనం మాత్రం మొదటి రోజు నుంచీ అమ్మెన్‌తోర్ అనే అన్నారు, తర్వాత పెట్టిన పలక మీదా అదే రాశారు.

ద్వారం తెరిచిన నాడు ఊటా ఇక్కడికి వచ్చి, ఒకప్పుడు దింపనే దింపని గేసాను చంక దింపి, కమాను కింద నడిపించింది. ఆమె చేసిందని ఆమె వెనుక తల్లులందరూ దింపారు. అప్పటి నుంచి ఈ ద్వారం కింద బిడ్డను ఎత్తుకుని దాటకూడదన్నది ఆచారమైంది.

గేసా పెద్దదై, పెళ్ళి చేసుకుని, ఉప్పుకొట్ల వీధిలో కాపురం ఉన్నది. ఊటా ముసలితనంలో ద్వారం అవతలి పల్లెలో కాళ్ళు పడిపోయి మంచాన ఉంటే ఆమెను తన ఇంటికి తెచ్చుకోవడానికి వెళ్ళింది. వీపున మోసుకుంటూ ద్వారం దాకా వచ్చి ఆగింది.

"అమ్మా, ఇక్కడ దిగాలి."

"నేనేం పసిదాన్నటే? కాళ్ళు లేవు నాకు."

"నా నడుము ఉందిలే. ఒక్క అడుగు వెయ్యి."

గేసా ఆమెను దింపి, రెండు చంకల కిందా చేతులు వేసి పట్టుకుంది. ఊటా ఆ ఇటుక పక్కన ఒక అడుగు వేసింది. ఒకటే వేసింది. తర్వాత గేసా ఆమెను ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఈనాటికీ ఆ ఆచారం తప్పలేదు. తోపుడు బళ్ళలో పిల్లలను తెచ్చే తల్లులు కమాను ముందు బండి ఆపుతారు. నడవగలిగిన బిడ్డను నడిపిస్తారు. నడవలేని చంటిబిడ్డ అయితే అరికాళ్ళు నేలకు తాకించి ఎత్తుకుంటారు. చక్రాల కుర్చీలో వచ్చే పెద్దవాళ్ళు కూడా ఇక్కడ ఒక కాలు కిందికి దించుతారు. వెనుక సైకిళ్ళవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా గంట కొట్టరు. ఇర్మ్‌గార్డ్ అమ్మమ్మగారి కొట్టులో పాదం ఆకారంలో చిన్న తీపి రొట్టెలు చేసి అమ్ముతారు. బిడ్డ తొలి అడుగు వేసిన ఇంటివారు వాటిని ఇరుగుపొరుగుకు పంచుతారు.

మన ఇళ్ళలో బిడ్డ అడుగులు వేయగానే అరిసెలు చేసి, వాటి మీద నడిపించి పంచుతాము కదా. వీరరాఘవమ్మగారి కూతురి బిడ్డకు ఆ అరిసెల వేడుక ఈ తోరణం దగ్గరే జరిపారు. ఈ ఊరి పెద్దవాళ్ళు చుట్టూ చేరి, మెత్తటి అరిసె మీద పడిన ఐదు వేళ్ళ ముద్రను చూసి, తర్వాత ఇటుకను చూసి, రెండింటినీ ఒకరికొకరు చూపించుకున్నారట. ఇప్పుడు తెలుగువారు అరిసెలు తెస్తే, కొట్టులోవారు రొట్టెలు ఇచ్చి మార్చుకుంటారు. నువ్వులు అద్దినవి అంటే ఇర్మ్‌గార్డ్ అమ్మమ్మగారికి మరీ ఇష్టం.

నడక ఆలస్యమైన బిడ్డల పాదం ఈ ముద్రకు తాకిస్తే త్వరగా నడుస్తారని, బిడ్డల కోసం ఎదురుచూసేవారు ఇటుకను తాకి కోరుకుంటే ఒడి నిండుతుందని, పెంచి పెద్ద చేసినవారు ఒకరు, కన్నవారు ఒకరు అయిన పిల్లలు ఇక్కడికి వస్తే ఇద్దరి దీవెనా దక్కుతుందని నమ్మకం. రుసుము ఏమీ లేదు. ద్వారానికి తలుపులు ఏనాడో తీసేశారు, ఏ వేళలోనైనా చూడవచ్చు. మంచు ఉన్న పొద్దున్న వస్తే మరీ మంచిది. పై భాగమంతా మాయమై ఆ ఒక్క అడుగు మాత్రమే కనబడుతుంది.

మీ చంకలో బిడ్డ ఉంటే తోరణం కింద ఒక్కసారి దింపండి. పడిపోతుందేమోనని భయం వేస్తుంది. ఊటాకూ వేసింది.